లంకలో ఆస్పత్రి: శ్లాబు బిల్డింగా, అద్దె పెంకుటిల్లా?

మాది గోదావరి మధ్యలో లంక. ఇక్కడి సబ్‌సెంటరుకి, అంటే ఊరి చిన్న ఆస్పత్రికి, నర్సమ్మ, మందులు సర్కారువే. చోటు మాత్రం ఊరు చూపించాలి. గల్ఫ్‌లో ఉన్న కుర్రాళ్లు డబ్బు పోగేసి పంపారు. పెద్దవాళ్లకి శ్లాబు బిల్డింగే కావాలి. నేను అద్దె ఇల్లు చాలన్నాను. "చేతిలో డబ్బుండగా అద్దె కొంపేంట్రా తమ్ముడూ" అన్నాడు మా పెదనాన్న కొడుకు.

శ్లాబుని తీసిపారెయ్యలేం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అప్పటి నీటి చార మా గోడ మీద నా గుండెల ఎత్తున ఉంది, ఎన్నిసార్లు సున్నం కొట్టినా బయటపడుతుంది. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటింది. కడితే ఆ చారకి పైన, పిల్లర్ల మీద కట్టాలి. ఇటుక, ఇనుము, సిమెంటు అన్నీ పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, దాటాలి. ఇసుకొక్కటే కాళ్ల కింద ఉంది.

కంటైనర్ గది పెడదామన్నాడు ఇంజినీరింగ్ చదివిన మా మేనల్లుడు. మే నెలలో ఆ రేకు కింద పది నిమిషాలు కూర్చుని అప్పుడు చెప్పమన్నాను.

నన్ను అద్దె వైపు తిప్పింది అఫ్ఘానిస్తాన్. అక్కడ 2002 సర్వేలో, బతికి పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకి దాదాపు 1600 మంది తల్లులు చనిపోతున్నారని తేలింది. 2003లో, ఏ స్థాయిలో ఏ వైద్యం అందాలో ముందు రాసుకున్నారు. అన్నిటికంటే కింది మెట్టు హెల్త్ పోస్ట్. దానికోసం బిల్డింగు కడుతూ కూర్చోలేదు. ఊళ్లోనే ఒక ఆడమనిషికి, ఒక మగమనిషికి శిక్షణ ఇచ్చి, సొంత ఇంట్లోంచే పని చేయించారు. మగ డాక్టరుకి చూపించుకోవడానికి ఆడవాళ్లు వెనకాడే చోట గోడలు కట్టి ఏం లాభం? అందుకే పల్లెల నుంచే అమ్మాయిల్ని తీసుకుని కాన్పులు చెయ్యడం నేర్పించారు.

మనకి బాంబులు పడలేదు గానీ, రాత్రి రేవు కట్టేశాక లంకలో ఎవరుంటారన్నదే ఇక్కడా ప్రశ్న. పక్క లంకలో బిల్డింగు బాగానే కట్టారు, నర్సమ్మ ఉండటానికి గది మరిచారు. ఆవిడ పొద్దున పంటెక్కి వస్తుంది, ఆఖరి పంటుకి వెళ్లిపోతుంది. ఆవిణ్ణి అనడానికేం లేదు. కట్లపాము మాత్రం నేల మీద పడుకున్నవాళ్లని రాత్రిపూటే కరుస్తుంది. కదలనివ్వకుండా పడవెక్కించే మనిషి అప్పుడు కావాలి.

ఎత్తరుగుల పెంకుటిల్లు ఒకటి ఖాళీగా ఉంది. ముందు గదిలో వైద్యం, వెనక రెండు గదుల్లో నర్సమ్మ కాపురం. టీకాలకి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. బుధ, శనివారాల్లో ఐస్ ప్యాకుల డబ్బాలో వస్తాయి, మిగిలినవి సాయంత్రానికి వెనక్కి పోతాయి. మిగిలిన డబ్బుతో సోలార్ లైట్లు, సొంత ఇంజను పడవ కొనొచ్చు. కాన్పులు ఎలాగూ ఏరు దాటి అవతలి గట్టుకి వెళ్లాకే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక వస్తుంది. నెలలు నిండినవాళ్లని అప్పుడే దాటించెయ్యాలి. దానికి పడవ కావాలి, శ్లాబు కాదు.

"ఆయ్, అద్దైతే ఎప్పుడైనా ఖాళీ చెయ్యమంటారండి" అన్నాడు పంటు నడిపే సరంగు. నిజమే, అందుకే రెండేళ్లకి కాగితం రాయించమన్నాను. నర్సమ్మ నిలదొక్కుకుంటే అప్పుడు పిల్లర్లు లేపుదాం. అన్నయ్య ఒప్పుకున్నాడు. దాతల పేర్ల బోర్డు మాత్రం పెంకుటింటి అరుగు మీద ఇప్పుడే పెట్టాలట.