జాగ్రత్త: ఫోర్ బై ఫోర్ పికప్‌ని మాడిఫికేషన్ షెడ్డుకి ఇచ్చే ముందు ఇది చదవండి

విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మి, మాడిఫికేషన్ కూడా తమ షెడ్డులోనే చేసి ఇచ్చేవాళ్లు తెలుసు కదా. వాళ్లలో ఒకరి చేతిలో మోసపోయాను. కేసు వేస్తున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. వానాకాలం ముందు పికప్ కోసం వెతికేవాళ్లంతా అటే వెళ్తారు. అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

బండి 2017 మోడల్ ఇసుజు వీ-క్రాస్. మన శ్రీసిటీలో తయారైనదే. బండి మంచిది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పదకొండు లక్షలకు బేరం కుదిరింది. మాకు పెదకూరపాడు వైపు మిరప చేలున్నాయి. అక్కడ నల్లరేగడి డొంకల్లో నాలుగు చినుకులు పడితే మామూలు బండి దిగబడిపోతుంది. నలుగురిలో షో చేయడానికి కాదు, ముందు చక్రాలు కూడా లాగాలనే ఈ బండి కొన్నాను. ఆ మాట మొదటి రోజే ఆయనకి చెప్పాను. "మీ పొలానికి ఇదే కరెక్ట్ బండి అన్నయ్యా" అన్నాడు కూడా.

ఆ రోజు అన్నీ చూసే తీసుకున్నాం. నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హెచ్‌లో పెట్టి కంకర మీద నడిపాం. నంబర్ ప్లేట్ దగ్గర మొదలుపెట్టి బండి కింద వరకు నా బావమరిది ఆపకుండా ఒకే వీడియో తీశాడు. తర్వాత అదే నన్ను కాపాడింది.

పని కోసం బండిని అక్కడే వదిలాం. లక్షా అరవై వేల ప్యాకేజీ. నేను అడిగినవి మూడే: కంపెనీ సైజులోనే బురదకి పనికొచ్చే టైర్లు, ఇంజిన్ కింద ఇనప ప్లేటు, వెనక తొట్టికి క్యానపీ, అంటే పైకప్పు. ఇదిగో అదిగో అని తిప్పి తిప్పి చివరికి ఇచ్చారు. బయటికి చూస్తే బండి బ్రహ్మాండంగా ఉంది. అడగకుండానే ముందు బంపర్‌కి అడ్డంగా పెద్ద ఇనప బుల్‌బార్ కూడా బిగించి, "ఇది మా గిఫ్ట్" అన్నారు.

గత వారం వాన పడింది. డొంకలో బండి ఆపి ఫోర్ హెచ్ పెట్టాను. డ్యాష్‌బోర్డులో ఫోర్ వీల్ గుర్తు వెలిగింది. ఎక్సలరేటర్ తొక్కితే వెనక టైర్లు బురద చిమ్ముతున్నాయి తప్ప బండి అంగుళం కదల్లేదు. బావమరిది దిగి చూసి, "బావా, ముందు చక్రాలు అసలు తిరగట్లేదు" అని అరిచాడు. ఇంకా ఎక్కువ బలంతో మెల్లగా లాగే ఫోర్ ఎల్ పెట్టినా అంతే. పక్క చేను వాళ్ల ట్రాక్టర్ వచ్చి లాగితే బయటపడ్డాం.

గుంటూరు ఆటోనగర్‌లో మా మేస్త్రీ బండిని లిఫ్ట్ ఎక్కించి టార్చి వేసి చూపించాడు. ఇంజిన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి, ముందు చక్రాలని తిప్పే డిఫరెన్షియల్‌కి రావాల్సిన ఇనప కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, లేదు. విరగలేదు, వదులు కాలేదు, అసలు అక్కడ లేనే లేదు. డిఫరెన్షియల్‌కి ఆ షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్ మీద పాత గ్రీజు, దుమ్ము కలిసి గట్టిగా పేరుకుపోయి ఉంది. బోల్టు రంధ్రాల చుట్టూ మాత్రం గుండ్రంగా, తళతళా మెరుస్తోంది. స్పానర్ పడి ఎంతో కాలం కాలేదని నాకే అర్థమైంది. లోపల గేర్ పడితే చాలు, గుర్తు వెలుగుతుందట. ముందు చక్రాలకి శక్తి అందుతోందో లేదో దానికి తెలియదు.

ఎందుకు తీశారో కూడా మేస్త్రీయే చెప్పాడు. ఈ బండికి కంపెనీ టైరు 245/70 ఆర్16. వీళ్లు వేసింది 265/75 ఆర్16. అంటే టైరు ఎత్తు దాదాపు 55 మిల్లీమీటర్లు పెరిగింది. మీటర్ 80 చూపిస్తే బండి నిజంగా 86 దగ్గర పోతుంది. అంత పెద్ద టైరు ఫెండర్‌కి రాసుకుంటుందని ముందు స్ప్రింగుల పైన స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, పెట్టి బండిని లేపారు. ఈ బండికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే రెండు చక్రాలూ విడివిడిగా పైకీ కిందికీ కదులుతాయి. అంత ఎత్తు లేపితే చక్రాలకి వెళ్లే యాక్సిల్ జాయింట్లు బాగా వాలిపోతాయి. ఎడమ వైపు జాయింటుకి తొడిగే రబ్బరు బూటు అప్పటికే చీలి, గ్రీజు రిమ్ లోపలంతా చిమ్మి ఉంది. ఫోర్ హెచ్‌లో పెడితే ముందు నుంచి టకటకమని శబ్దం వచ్చి ఉంటుంది. స్పేసర్లు తీసేసి సరైన టైర్లు వేయాల్సింది పోయి, షాఫ్టే పీకేశారు.

మర్నాడే విజయవాడ వెళ్లాం. మొదట "మేం ముట్టుకోలేదు, బండి అలాగే వచ్చింది" అన్నాడు. ఫొటో చూపిస్తే "అది ఏ బండిదో ఎవరికి తెలుసు" అన్నాడు. అప్పుడు వీడియో పెట్టాం. నంబర్ ప్లేట్, బంపర్, ఆ కిందే షాఫ్ట్, అన్నీ వరసగా కనబడుతున్నాయి. ఆయన మాట్లాడలేదు. పక్కన టైరు విప్పుతున్న కుర్రాడు మాత్రం తల ఎత్తకుండా, "సార్ విప్పమంటేనే విప్పానన్నా" అన్నాడు. పాపం, ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు.

అప్పుడన్నా తప్పయిపోయింది, వేసిస్తాను అంటే ఇంత దూరం వచ్చేది కాదు. కుర్చీలో వెనక్కి వాలి, అక్కడున్న కస్టమర్లందరికీ వినబడేలా ఆయన అన్న మాట ఇది: "శబ్దం వస్తోందని మీరే వచ్చి గొడవ చేస్తారని తీయించాను. అయినా బురదలో దున్నుకోవాలంటే ట్రాక్టర్ కొనుక్కోవాలి గానీ, ఇలాంటి బండి మీకెందుకండీ?"

రెండు పంటల డబ్బు పెట్టాను ఆ బండి మీద. మొదటి రోజు టీ తెప్పించి, అన్నయ్యా అని పిలిచి, మీ పొలానికి ఇదే కరెక్ట్ అన్న నోటితోనే ఆ మాట అన్నాడు. డబ్బు పోయినదానికంటే అదే ఎక్కువ మండుతోంది. రైతు అంటే వీళ్లకి అంత చులకన. నా షాఫ్ట్ ఎక్కడుందంటే "స్క్రాప్‌లో పోయుంటుంది" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

వాళ్లు గిఫ్ట్ అన్న బుల్‌బార్ సంగతి కూడా వినండి. వాటిని తీయించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఎయిర్‌బ్యాగులున్న బండికి ముందు అలాంటి ఇనుము బిగిస్తే, గుద్దుకున్నప్పుడు సెన్సర్లు సరిగా పనిచేయకపోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఓనర్‌కి పడొచ్చు. రోజూ ఇదే పని చేసేవాళ్లకి ఇవన్నీ తెలియవంటే నేను నమ్మను. బుల్‌బార్, స్పేసర్లు తీయించేశాను.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కాబట్టి నేను గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేస్తున్నాను. రెండేళ్ల లోపు వేయాలి. పది నుంచి ఇరవై లక్షల మధ్య కొన్న వస్తువుకి ఫీజు 400 రూపాయలే.

ఇప్పుడు కొనబోయేవాళ్లు డ్యాష్‌బోర్డు గుర్తుని నమ్మొద్దు. మాన్యువల్ బండి అయితే చదునైన చోట ఆపి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. ఫోర్ హెచ్ పడిందని చూసుకుని, ఇంజిన్ ఆపి, మొదటి గేర్‌లో ఉంచి, ముందు ఒక చక్రాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే సరే, సులువుగా తిరిగిందంటే ముందుకి శక్తి అందడం లేదని అర్థం. షెడ్డుకి ఇచ్చే ముందు ఒకసారి, తీసుకునేటప్పుడు ఇంకోసారి చూడండి. చేయాల్సిన పని కూడా టైరు సైజుతో సహా కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.

ఇంకొకటి. ఆటోనగర్‌లో పాత స్పేర్లు అమ్మేవాళ్ల దగ్గర ఈమధ్య ఎవరైనా వీ-క్రాస్ ముందు షాఫ్ట్ చూసినా, కొన్నా చెప్పండి. మాది అయితే మధ్యలో పసుపు పెయింట్ గీత ఉంటుంది, వీడియోలో స్పష్టంగా కనబడుతోంది. కొన్నవాళ్లని ఏమీ అనను. ఏ షాపులో, ఏ తేదీన తీసుకున్నారో బిల్లు చూపిస్తే చాలు, కేసులో పెట్టుకుంటాను.