బెజవాడ క్రైమ్ వాక్: డబ్బులు గిట్టిన చోట, గిట్టని చోట

బెజవాడలో హత్యల చరిత్రను నడుస్తూ చూడాలంటే రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి ఎండ. రెండోది, ఆ చరిత్రలోని మనుషులు ఇంకా కూడళ్లలో విగ్రహాలై దండలు వేయించుకుంటూ ఉండటం. లండన్‌లో 1888 నాటి వైట్‌చాపెల్ హత్యల కథ చెబుతూ టూరిస్టుల్ని సందుల్లో తిప్పుతారట. ఆ కథ విని నొచ్చుకునేవాళ్లు ఇప్పుడెవరూ ఉండరు. ఇక్కడ 1988 డిసెంబరు, రంగా హత్య అని మాట మొదలుపెడితే చాలు, పక్క బల్ల మీద టీ తాగుతున్నాయన తల తిప్పి చూస్తాడు. ఆయన ఎటువైపు మనిషో మనకు తెలియదు.

అందుకే మా బాబాయ్ ఈ నడక గురించి చెప్పినప్పుడు నేను పెద్దగా ఉత్సాహపడలేదు. "రౌడీల కథలేగా బాబాయ్, ఫోన్‌లో బోలెడు వీడియోలున్నాయి" అన్నాను. "చెప్పేది రౌడీ కాదమ్మా, కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనాయన" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు ఒప్పుకున్నాను.

ఇది కంపెనీ నడిపే టూర్ కాదు. బోర్డు లేదు, ఆన్‌లైన్ బుకింగ్ లేదు. తెలిసినవాళ్ల ద్వారా ఫోన్ చేస్తే, అయిదారుగురు పోగైన ఆదివారం పెద్దాయన తీసుకెళ్తారు. మనిషికి 300 రూపాయలు తీసుకుంటారు, టిఫిను ఖర్చు మనదే. పొద్దున ఆరింటికి రైల్వే స్టేషన్ తూర్పు వైపు కలిసి, గాంధీనగర్, ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట మీదుగా బందరు రోడ్డు దాకా నడిచి, పదిన్నరకి ఆపేస్తారు. సాయంత్రం బ్యారేజీ. ఓపికున్నవాళ్లకు మర్నాడు రైలు ప్రయాణం.

బస గురించి ముందే చెప్పేస్తాను. ఆరింటికి స్టేషన్ దగ్గర ఉండాలి కదా అని గాంధీనగర్‌లోనే ఒక లాడ్జి తీసుకున్నాం. వేడినీళ్లు 24 గంటలూ వస్తాయన్నారు, వచ్చింది ఎనిమిదింటికి. ఏసీ లోంచి నీళ్లు కారి పరుపు మూల తడిసింది. చెబితే కుర్రాడు బకెట్ తెచ్చిపెట్టి వెళ్లాడు. దానికి 1,800. మర్నాటికి గవర్నర్‌పేటలో ఇంకో హోటల్‌కి మారాం. 700 ఎక్కువైనా నిద్ర పట్టింది, లిఫ్టు పనిచేసింది. నది కనిపించాలనుకునేవాళ్లు భవానీపురం వైపు టూరిజం వాళ్ల బెరం పార్క్ చూసుకోవచ్చు కానీ పొద్దున్నే అక్కడి నుంచి ఆటో వెతుక్కోవాలి. నడక కోసమే వచ్చేవాళ్లకు గవర్నర్‌పేటే మేలు.

మొదటి మజిలీ గాంధీనగర్ జైలు గోడ. నిజం చెప్పాలంటే అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, గోడ తప్ప. తర్వాత బాబాయ్ హోటల్. ఇడ్లీ మీద వెన్న వేసి పెడతారు. ఆదివారం గనక నిలబడే తినాల్సి వచ్చింది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు అప్పటికి తెరవలేదు. తెరిచాక ఒక్కరే వచ్చి పాత డిటెక్టివ్ నవలలు ఏరుకోండి, అక్కడికి గైడ్ అక్కర్లేదు.

అసలు నడక కోర్టుల దగ్గర మొదలైంది. 2023లో ప్రారంభమైన కొత్త బహుళ అంతస్తుల భవనం ముందు, గేటు ఇవతల, వేపచెట్టు నీడలో మమ్మల్ని నిలబెట్టి పెద్దాయన జేబులోంచి రుమాలు తీశారు. ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, బంట్రోతు పిలిచినట్టు ఒక కల్పిత పేరును మూడుసార్లు పిలిచారు. రోడ్డు మీద వెళ్తున్న ఇద్దరు ఆగారు. "మూడో పిలుపుకీ సాక్షి రాకపోతే వాయిదా. వచ్చి, నేనేమీ చూళ్లేదంటే ఎదురు తిరిగినట్టు. హత్య కేసు సగం ఇక్కడే పోతుంది. కత్తి దగ్గర కాదు" అన్నారు.

తర్వాత అరగంట మాకు సాక్ష్య చట్టం క్లాసు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. 1872 నాటి చట్టంలో అది 25వ సెక్షన్. కానీ నిందితుడు చెప్పిన దాన్నిబట్టి ఒక వస్తువు దొరికితే, ఆ మేరకు చెప్పింది 27 కింద చెల్లుతుంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఈ రెండూ 23వ సెక్షన్‌లో కలిశాయి. "అందుకే ప్రతి కేసులోనూ కత్తి ఏ తుప్పల్లోనో దొరుకుతుంది, దానికో మధ్యవర్తుల రిపోర్టు, అంటే వస్తువు దొరికినప్పుడు చూశామని బయటివాళ్లు సంతకం పెట్టిన కాగితం, ఉంటుంది. ఆ మధ్యవర్తులు ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చారో అడగడం నేర్చుకోండి." మా గుంపులో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇక్కడ ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఈ అరగంటకే 300 గిట్టింది.

ఎందుకంటే ఆ వెంటనే ఆయన చెప్పిన కేసు అర్థం కావడానికి ఆ పాఠం కావాలి. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక విద్యార్థిని హత్య. పేరు మనందరికీ తెలుసు, ఆయన మాత్రం ఒక్కసారి కూడా పలకలేదు. 2010లో విజయవాడ కోర్టు ఒక పేద యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసి, అతన్ని విడిచిపెట్టి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. మరుసటి ఏడాది హైకోర్టు ఆదేశంతో కేసు సీబీఐకి వెళ్లింది. "ఆ హాస్టల్ చూపిస్తారా సార్?" అని ఎవరో అడిగారు. "చూపించను. అక్కడ చూడాల్సిందేముంది? చూడాల్సింది ఈ గేటు" అన్నారు.

ఏళ్లుగా సినిమాలు, వీడియోలు నమిలేసిన కథ తర్వాతది. బందరు రోడ్డు వైపు నడుస్తూ కాలేజీ సంఘాల దగ్గర ఎత్తుకున్నారు: ఒకవైపు వంగవీటి వాళ్ల యునైటెడ్ ఇండిపెండెంట్స్, ఇంకోవైపు దేవినేని వాళ్ల యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్. వాటి చుట్టూ ఆటో స్టాండ్లు, కార్మిక సంఘాలు. 1972లో కమ్యూనిస్టు నాయకుడు చలసాని వెంకటరత్నం, 1974లో వంగవీటి రాధా, 1979లో దేవినేని గాంధీ, 1988 మార్చిలో దేవినేని మురళి, అదే ఏడాది డిసెంబరు 26న వంగవీటి రంగా. ఈ హత్యల వరసను ఆయన ఎవరిమీదా నింద వేయకుండా, తేదీలు మాత్రమే చెప్పి వదిలేశారు. రంగా 1985లో విజయవాడ తూర్పు నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యేగా గెలిచాడు, నిరాహార దీక్షలో కూర్చుని ఉండగా తెల్లవారుజామున శిబిరం మీద దాడి చేసి చంపారు. తర్వాత నగరంలోనూ కోస్తా జిల్లాల్లోనూ దుకాణాలు, సినిమా హాళ్లు తగలబడ్డాయి, పదుల మంది చనిపోయారు, వారాల తరబడి కర్ఫ్యూ.

"ఎగ్జాక్ట్ స్పాట్ ఎక్కడ సార్?" అన్నాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఫోన్ కెమెరా తెరిచి.

"కాగితంలో ఉన్నది నేను చెబుతా బాబూ. ఫొటోలు కావాలంటే అదిగో విగ్రహం, అందరూ దాంతోనే దిగుతారు."

టీ కోసం ఆగిన చోట కొట్టాయన మా మాటలు విని తనూ కలిశాడు. కర్ఫ్యూ సడలించిన గంటలో పాలకోసం పరిగెత్తి, క్యూలో తన వంతు వచ్చేసరికి టైమైపోయి, ఖాళీ గిన్నెతో లాఠీ దెబ్బ తిని ఇంటికెళ్లానన్నాడు. పెద్దాయన ఏదో సందు పేరు చెబితే "అది కాదండీ, దాని వెనక సందు" అని సరిదిద్దాడు కూడా. పెద్దాయన నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. ఈ ముక్క ఏ వీడియోలోనూ దొరకదు.

ఈ భాగంలో నచ్చనిదీ ఉంది. తేదీల దగ్గర అంత జాగ్రత్తగా ఉన్న మనిషి, ఎవరి పెళ్లి ఎవరికి నచ్చలేదు, ఎవరు ఎవరి కారు ఎక్కారు లాంటి కబుర్లలోకి జారిపోయారు. గుంపు అంతా అప్పుడే హుషారయింది, అదే బాధ. ఆ ఇళ్ల పిల్లలు, మనవలు ఇదే ఊళ్లో ఉన్నారు. నడిపించేవాళ్లు ఎవరైనా సరే, ఈ పావుగంట కత్తిరిస్తే బాగుంటుంది.

సాయంత్రం వన్‌టౌన్ వైపు నుంచి బ్యారేజీకి. దారిలో ఇంద్రకీలాద్రి కింద, 2020లో అమ్మవారి వెండి రథానికి ఉన్న నాలుగు సింహాల్లో మూడు మాయమైన సంగతి నవ్వుతూ చెప్పారు. ప్రకాశం బ్యారేజీ 1,223 మీటర్లు. ఆదివారం సాయంత్రం మొక్కజొన్న పొత్తులవాళ్లూ, సెల్ఫీలవాళ్లూ, హారన్లూ. మాట వినిపించాలంటే ఆయన పక్కనే నడవాలి, వెనకబడితే ఏమీ వినపడదు. చిన్న మైకు ఒకటి కొనుక్కోమని చెప్పాం.

అవతలి గట్టు సీతానగరం. ఘాట్లకూ కొండ మీద గుళ్లకూ జనం వస్తారు. ఒకప్పుడు ఇక్కడ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపిన సెటిల్‌మెంట్ ఉండేదని నాకు తెలియదు. కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టే 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చాక, ఎరుకల కుటుంబాలను ఇలాంటి చోట్లకు చేర్చి, హాజరు వేయించుకుంటూ, చీటీ లేకుండా బయటికి పోనివ్వకుండా ఉంచారు. సీతానగరంలో వాళ్ల పని క్వారీలో రాళ్లు కొట్టడం. "మనం పొద్దున్నుంచి నేరం చేసినవాళ్ల గురించి చెప్పుకున్నాం. ఇక్కడ నేరం చేయక ముందే పేరు రాసుకున్నారు" అన్నారు పెద్దాయన. నడకలో ఉన్న వాళ్లందరం మొదటిసారి ప్రశ్నలు అడిగింది ఇక్కడే.

మర్నాటి రైలు ప్రయాణానికి మేం ముగ్గురమే మిగిలాం. చెన్నై లైన్లో ప్యాసింజర్ ఎక్కితే తెనాలి దాటాక చుండూరు, బాపట్ల దాటాక స్టువర్టుపురం. ప్యాసింజర్ ఆలస్యం మామూలే, మంచినీళ్లు, తినడానికి ఏదైనా వెంట పెట్టుకోండి.

చుండూరు వెళ్లే ముందు ఆయన పెట్టిన షరతు, ఫోన్లు సంచుల్లోంచి తీయకూడదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపి, కొందరి శవాలను గోనె సంచుల్లో కట్టి కాలవలో పడేశారు. వాళ్లను ఊళ్లోనే పాతిపెట్టారు, ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. విచారణ దూరంగా ఎక్కడో కాకుండా తమ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టు సాధించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అక్కడ మేం ఉన్నది కాసేపే. ఒక పెద్దావిడ "ఎవరమ్మా మీరు, పేపరోళ్లా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. పెద్దాయన పరిచయం లేకుండా, చూసొద్దామని ఎవరూ ఇక్కడికి వెళ్లొద్దని నా సలహా.

స్టువర్టుపురం అలా కాదు, ఊరివాళ్లే కూర్చోబెట్టి మాట్లాడారు. ఇదీ సీతానగరం లాంటి సెటిల్‌మెంటే, మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు ఈ ఊరికి పెట్టారు. ఇక్కడి మనుషుల్ని చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి పనికి పంపేవాళ్లు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో పోయినా ముద్ర పోలేదు. ఏ దొంగతనం జరిగినా పోలీసులు ముందు ఇటే వచ్చేవాళ్లు. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి సంస్కర్త లవణం, కవి జాషువా గారమ్మాయి హేమలత లవణం ఇక్కడికొచ్చి ఏళ్ల తరబడి పనిచేశారు. దొంగల ఊరు చూద్దామని వచ్చిన మమ్మల్ని, "మా పిల్లాడు బీటెక్, ఆ అమ్మాయి టీచరు" అని వరసగా పరిచయం చేశారు. ఊరు పేరు చెబితే ఇంటర్వ్యూలో ఇప్పటికీ ఒక నవ్వు ఎదురవుతుందని ఆ బీటెక్ కుర్రాడు అన్నాడు.

తిరుగు రైల్లో ఆయన చిలకలూరిపేట బస్సు కేసు ఎత్తారు. 1993 మార్చి 8న దోపిడీకని బస్సు ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటిస్తే 23 మంది చనిపోయారు. ఉరిశిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది, 1997లో తేదీ కూడా పడి ఆగింది, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఈ కేసు మీద గుంటూరులో, కోర్టు నుంచి మొదలుపెట్టి, ఇంకో నడక వేయాలని ఆయన ఆలోచన. బస్సులో పోయినవాళ్ల గురించి ఎంతసేపు, ఉరికంబం దాకా వెళ్లినవాళ్ల గురించి ఎంతసేపు చెప్పాలో ఇంకా తేల్చుకోలేదట. తేలాక చెప్పమని బాబాయ్ పేరూ నా పేరూ రాయించాను.