ఫాఫ్సా, సీఎస్ఎస్ ప్రొఫైల్: రెండు ఫారాలు, రెండు గడువులు

అమెరికాలో కాలేజీ ఫీజుకు సాయం అడగాలంటే మొదట వినిపించేది ఫాఫ్సా అనే దరఖాస్తు ఫారం. ఇది ఫెడరల్ ప్రభుత్వానిది, పూర్తిగా ఉచితం. రెండో ఫారం, సీఎస్ఎస్ ప్రొఫైల్, శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు సంస్థది. కొన్ని కాలేజీలు, ఎక్కువగా ప్రైవేటువి, తమ సొంత నిధుల నుంచి ఇచ్చే గ్రాంట్ల కోసం దీన్ని అడుగుతాయి. ఈ ఫారం పంపడానికి ఫీజు ఉంటుంది, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు దాన్నుంచి మినహాయింపు ఉంది.

ఫాఫ్సాలో మీరు ఉంటున్న ఇంటి విలువ అడగరు. ప్రొఫైల్‌లో అడుగుతారు, ఎంత లెక్కలోకి తీసుకోవాలో కాలేజీ ఇష్టం. అమెరికా పౌరులు కాని పిల్లల్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఫాఫ్సా నింపవచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం రాదు. వాళ్లకు చాలా కాలేజీల్లో ప్రొఫైలే దారి.

అసలు టెన్షన్ గడువులతోనే. ఫాఫ్సా ఫెడరల్ గడువు ఆ విద్యా సంవత్సరం ముగిసే జూన్ 30 వరకూ ఉంటుంది. అది చూసి నిశ్చింతగా ఉండిపోకండి. చాలా రాష్ట్రాల గడువులు, కాలేజీల గడువులు దానికి నెలల ముందే అయిపోతాయి. ఎర్లీ డెసిషన్‌కు, అంటే సీటు వస్తే అక్కడే చేరతామని ఒప్పుకుని ఒకే కాలేజీకి ముందుగా దరఖాస్తు చేసే పద్ధతికి వెళ్తే, ప్రొఫైల్ చాలాచోట్ల నవంబర్‌లోనే పంపాలి.

ఇంకో మాట. ఫాఫ్సాలో తల్లిదండ్రులు తమ సొంత అకౌంట్‌తో లాగిన్ అయి, పన్ను వివరాలు తీసుకోవడానికి సమ్మతి తెలిపి, సంతకం చేయాలి. ఆ సమ్మతి లేకపోతే పిల్లలకు ఫెడరల్ సాయం రాదు. అందుకే నాన్న ఊళ్లో ఉన్నప్పుడే కూర్చోబెట్టి ఆ పని చేయించండి.