ఇంటి నుంచే పని: బెంగళూరు స్టార్టప్పా, శాన్‌ఫ్రాన్సిస్కో స్టార్టప్పా?

కాకినాడలో మా ఇంట్లో కూర్చునే రెండింటికీ పనిచేశాను. డబ్బు శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లే ఎక్కువిచ్చారు, అదీ డాలర్లలో. కానీ కాంట్రాక్టర్‌ని కాబట్టి పీఎఫ్ లేదు, అడ్వాన్స్ ట్యాక్స్ ఏడాదికి 4 వాయిదాల్లో నేనే కట్టుకోవాలి. బెంగళూరులో అవన్నీ కంపెనీయే చూసుకునేది.

అసలు తేడా గడియారంలో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9 అంటే మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. అమ్మ గిన్నెలు సర్దేసి వంటింట్లో లైటు ఆర్పే వేళకి నా స్టాండప్, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగ్, మొదలయ్యేది. మధ్యాహ్నం పుల్ రిక్వెస్ట్ (నేను రాసిన కోడ్‌ని చూసి కలపమనే అభ్యర్థన) పెడితే రివ్యూ రాత్రికే. దానివల్ల ఒక మేలు కూడా జరిగింది. ప్రతి నిర్ణయాన్నీ కారణంతో సహా రాసిపెట్టడం అలవాటైంది. టీమ్ పెరిగాక కొత్తగా చేరినవాళ్లకి ఆ రాతలే దారి చూపాయి.

బెంగళూరులో సందేహమొస్తే ఒక్క కాల్, 5 నిమిషాల్లో తేలిపోయేది. కాకపోతే సగం టీమ్ ఆఫీసులోనే ఉండేది. టీ దగ్గర అనుకున్న మార్పు నాకు రెండు రోజులకి తెలిసేది. అది నిజంగా బాధపెట్టింది.

అయినా మొదటి ఉద్యోగమైతే బెంగళూరే మేలంటాను. అడగ్గానే చెప్పే సీనియర్లు ఆ సమయానికి మెలకువగా ఉండాలి కదా. నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు, రాత్రుళ్ల సంగతి ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని, శాన్‌ఫ్రాన్సిస్కో స్టార్టప్ చూడొచ్చు.