సిరిసిల్ల సాంచాలా, పోచంపల్లి మగ్గాలా: ఏది మేలు?

రెండూ తెలంగాణ నేత ఊళ్ళే. రెండు చోట్లా పని ఉంది, చేతుల్లో పనితనం ఉంది. అయినా ఒక ఊరికి ఉన్న ధీమా ఇంకో ఊరికి లేదు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. 2017లో సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ మొదలైంది, ఆ మరుసటి ఏడాది నుంచి ఏటా కోటికి దగ్గరగా చీరలు తయారయ్యాయి. ఆసాములకూ (కొద్దిపాటి సాంచాలు నడుపుకునేవాళ్ళు) కార్మికులకూ నెలల తరబడి చేతినిండా పని. కొనేది మాత్రం ఒక్క సర్కారే. 2024లో ఆ ఆర్డర్ ఆగేసరికి చాలా సాంచాలు మూగబోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చాక మళ్ళీ కదిలాయి. మళ్ళీ ఆగితే? అదే టెన్షన్. పైగా ఆ పాలిస్టర్ బట్టకు ఊరి పేరు అంటదు, సూరత్‌లో నేసిందీ అలాగే ఉంటుంది.

పోచంపల్లి ఇక్కత్‌కు ఊరి పేరే పెట్టుబడి. నూలుకు చిటికి కట్టి (డిజైన్ ప్రకారం అక్కడక్కడా ముడులు బిగించి), రంగులద్ది, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేతన్నల సొసైటీ, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్లు, షాపులవాళ్ళు, ఊరు చూడ్డానికొచ్చి చీర కొనుక్కుపోయేవాళ్ళు... ఒకరు ముఖం చాటేసినా ఇంకొకరు ఉంటారు.

అలాగని అక్కడంతా బాగుందని కాదు. పట్టు బయటి నుంచే రావాలి. కొన్ని రకాల బట్ట చేనేత మగ్గం మీదే నేయాలని 1985 నుంచి రిజర్వేషన్ చట్టం ఉన్నా, ఇక్కత్ డిజైన్‌ను ప్రింట్ కొట్టి చవగ్గా అమ్మేవాళ్ళు ఆగలేదు. హైదరాబాద్ కూతవేటు దూరం, పిల్లలు మగ్గం గుంటలో ఎందుకు దిగుతారు? చేసే పని కూడా చిన్నది కాదు. ఆసు పోయాలంటే, అంటే చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, ఒక్క చీరకే వేల సార్లు చెయ్యి తిప్పాలి, ఆడవాళ్ళ భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి అవస్థ చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నొప్పి తగ్గింది, నేత ఊళ్ళోనే ఉంది. నాకు నచ్చే యంత్రం అలాంటిది.

నన్నడిగితే పోచంపల్లి దారే మేలు. ఈ మాట సిరిసిల్ల కార్మికుడితో అంటే, "సారూ, ఈ వారం కూలి ఎవరిస్తరు?" అంటాడు. నిజమే, అన్ని వేల సాంచాలు రేపటికి రేపు ఇక్కత్ నేయలేవు. కానీ స్కూలు యూనిఫాం బట్ట, ఆస్పత్రి దుప్పట్లు, ప్రైవేటు షాపుల సరుకు అంటూ కొనేవాళ్ళను పెంచుకోవడానికి ఇక్కత్ అక్కర్లేదు. సర్కారు ఆర్డర్ చేతిలో ఉన్న ఏడాదే ఆ వెతుకులాట మొదలుపెట్టాలి.