వారసత్వ నాణేలు కొనేవారికి హెచ్చరిక: తళతళలాడే చార్మినార్ రూపాయిలను చూసి మోసపోకండి

పాత నాణేలు సేకరించే మిత్రులకు, ముఖ్యంగా నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్ళ నుంచి వారసత్వ నాణేలు కొనాలనుకునేవారికి, నాకు జరిగిన నష్టం తెలియజేయడానికి ఇది రాస్తున్నాను.

కిందటి వేసవిలో మహబూబ్‌నగర్‌లో ఒక మధ్యవర్తి ద్వారా 40 చార్మినార్ రూపాయిలు (చార్మినార్ బొమ్మతో నిజాం ప్రభుత్వం అచ్చువేసిన వెండి నాణేలు), ఒక చిన్న మూటెడు నిజాం కాలపు రాగి పైలు (చిల్లర నాణేలు) కొన్నాను. జడ్చర్ల దగ్గర ఒక ఇంట్లో తాతగారు దాచినవని, పెట్టె తెరిచి యాభై ఏళ్ళయిందని, వాటి మీద ఎవరి చేయీ పడలేదని అతడు చెప్పాడు. ఫోటోల్లో అవి నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయి. దశాబ్దాల నాటి వెండి అంత తెల్లగా ఎలా ఉందని అడగవలసింది పోయి, ఆ మెరుపుకే మురిసి మామూలు ధరకు రెండింతలు చెల్లించాను.

హైదరాబాదులో అనుభవజ్ఞులైన ఒక సేకర్తకు చూపిస్తే, ఆయన ఒక బిళ్ళను అంచులతో పట్టుకుని బల్ల దీపం కింద నెమ్మదిగా తిప్పి, అన్నీ తోమినవేనని అక్కడికక్కడే తేల్చారు. అచ్చు పడినప్పటి అసలు మెరుపు మిగిలి ఉంటే, నాణెం తిప్పుతున్నకొద్దీ వెలుగు బండిచక్రపు ఆకుల్లా దాని మీద తిరుగుతుంది. నా నాణేల మీద వెలుగు స్టీలు పళ్ళెం మీద పడ్డట్టు కదలకుండా నిలిచిపోయింది. పదింతల భూతద్దంలో ఒకే దిక్కుకు సాగిన వెంట్రుకవాసి గీతలు కనిపించాయి. నాణెం మీది చార్మినార్ బొమ్మ ద్వారంలో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు బిళ్ళలపై ఉర్దూ లిపిలోని మీమ్ అక్షరం, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపువాటిపై ఐన్ అక్షరం ఉంటాయి. నావాటిలో ఆ అక్షరాల సందుల్లో మాత్రం పాత నలుపు మిగిలి, చుట్టూ ఉన్న భాగమంతా తెల్లగా పాలిపోయి ఉంది.

వెండి గాలిలోని గంధకంతో కలిసి మెల్లగా నల్లబడుతుంది. మనం మురికి అనుకునే ఆ రంగు, సేకర్త దృష్టిలో నాణెం చెక్కుచెదరలేదనడానికి సాక్ష్యం. రసాయనంలో ముంచితే ఆ పొరతో పాటు వెండి పైపొర కూడా కొంత కరిగిపోతుంది. పొడితో తోమితే గీతలు పడతాయి. ఈ రెండింటిలో దేన్నీ మళ్ళీ సరిచేయలేము. నాణేల స్థితిని పరీక్షించి గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి అమెరికా సంస్థలు ఇలాంటి నాణేలకు 1 నుంచి 70 దాకా ఉండే కొలమానంలో మామూలు గ్రేడు ఇవ్వకుండా, శుభ్రపరచినదని చీటీ మీదే రాస్తాయి. ఇక మిగిలేది వెండి విలువే. చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, అంటే నేను కొన్న నలభైలో ఉన్న అసలు వెండి 366 గ్రాములకు మించదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళలో వెండి రూపాయిలను దీపావళి నాడు లక్ష్మీపూజకు చింతపండుతో తోమి, పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టడం తరతరాల ఆచారం, అందులో మోసమేమీ లేదు. కాబట్టి ఇంటివారిని “కడిగారా?” అని అడిగితే లేదనే అంటారు, పూజకు కడగడం వారి లెక్కలో కడగడం కాదు. “దీపావళికి వీటిని పూజలో పెడతారా?” అని అడగండి. నాకు కోపం వచ్చింది మధ్యవర్తి మీద. నిలదీస్తే, “నకిలీవి ఇవ్వలేదు కదా, మెరిసేవే ఇచ్చాను” అన్నాడు. చేయి పడలేదన్న మాటను రసీదులో రాయించుకోకపోవడం నా తప్పే.

ఫోటోలు చాలవు, పక్క నుంచి పడే ఒకే దీపం కింద నాణెం తిప్పుతూ తీసిన వీడియో అడగండి. రాగి నాణెం లేత గులాబీ రంగులో ఉంటే తోమినదేనని అనుమానించండి. తోమిన వెండికి గంధకంతో మళ్ళీ నలుపు పట్టించి అమ్మేవారూ ఉన్నారు గనుక, నలుపు ఉన్నంత మాత్రాన ధైర్యపడకండి, దాని కింద గీతల కోసం వెతకండి. తేలిగ్గా దొరికే సంవత్సరాల అరిగిన బిళ్ళలను వెండి ధరకే కొంటే నష్టం తక్కువ. అరుదైన సంవత్సరమని, వాడనిదని ఎక్కువ ధర చెబితే మాత్రం స్వయంగా చూడకుండా డబ్బు పంపకండి.

కొసకు నేను ఆ జడ్చర్ల ఇంటికే వెళ్ళాను. అమ్మగా మిగిలిన పదమూడు రూపాయిలు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఆ ఇంటి పెద్దమ్మ, “ఇవి గలీజుగా ఉన్నయని ఆ అబ్బాయి తీసుకపోలే బిడ్డా” అని చెబుతూ, నా కోసమని చింతపండు నానబెట్టబోయారు. వద్దని ఆపి, ఆ పదమూడింటినీ ఉన్నవి ఉన్నట్టే కాగితపు కవర్లలో పెట్టించి, వాటి విలువ తెలిసినవారికి చూపే దాకా ఎవరికీ అమ్మవద్దని చెప్పి వచ్చాను.