కౌన్సెలర్ గదా, హౌస్ మీటింగా?

చిత్తూరులో మా కాథలిక్ హైస్కూల్లో పిల్లల మనసు గురించి మాట వస్తే టీచర్లు రెండు వర్గాలు. వారానికోసారి కౌన్సెలర్ వస్తే చాలనేది ఒకటి, రోజూ పావుగంట హౌస్ (వేర్వేరు తరగతుల పిల్లల్ని కలిపిన జట్టు) మీటింగ్ పెట్టాలనేది రెండోది.

కౌన్సెలర్ అవసరమే. ఇంట్లో కొట్లాటలు, నిద్రపట్టనంత టెన్షన్, చచ్చిపోవాలన్న ఆలోచన... ఇవి శిక్షణ ఉన్నవాళ్లే చూడాలి. కానీ మా దగ్గర ఆ గది స్టాఫ్‌రూమ్‌కి ఎదురుగానే ఉంది. లోపలికెళ్లిన పిల్లాడికి సాయంత్రానికల్లా ఒక పేరు పడిపోతుంది. ఇంకెవరు వెళ్తారు? మిగతా రోజులకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబర్ 14416 ఉంది, 24 గంటలూ పలుకుతుంది.

హౌస్ మీటింగ్‌లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు కలిసి కూర్చుంటారు. గుడిపాల నుంచి వచ్చే ఆరో తరగతి అబ్బాయి ఒకడు, ఇంట్లో అరవం మాట్లాడేవాడు, నెలరోజులు వేపచెట్టు కింద ఒక్కడే క్యారియర్ విప్పుకున్నాడు. వాడి హౌస్‌లోని తొమ్మిదో తరగతి పిల్ల ఒకరోజు "వా తంబీ" అని పిలిచింది. మర్నాడు వాడి నిమ్మకాయ పులిహోర నలుగురి మధ్య ఖాళీ అయింది. ఏ కౌన్సెలరూ ఇది చేయలేరు.

ఇటలీలోని ట్యూరిన్‌లో పిల్లల కోసం పనిచేసిన కాథలిక్ ఫాదర్ డాన్ బాస్కో (1815–1888) దారీ ఇదే: శిక్షించడం కన్నా ఆటస్థలంలో పిల్లల మధ్య ఉండటం. మా మీటింగ్‌లో ప్రార్థన మాత్రం బలవంతం వద్దు. రాజ్యాంగం 28(3) అధికరణ కూడా అదే అంటుంది.

నా ఓటు హౌస్ మీటింగ్‌కే. అయితే టీచర్ అక్కడా మార్కులే అడిగితే ఆ పావుగంట దండగ. కౌన్సెలర్ గదిని లైబ్రరీ వెనక్కి మార్చమని కూడా అడుగుతున్నాను.